సెలవు మాట

నమోదు 1

ఓడ పేరు గోస్తనీ. రాస్తున్నది గరికిన పైడిరత్నం. ఈ ఓడకు నేను గొంతుని.

నవ్వొద్దు, ఉద్యోగం పేరే అది. సముద్రంలో ఇరుకు అనే చోటు దాటేటప్పుడు, అక్కడి కాపలా యంత్రం ఆరా అడిగే ప్రశ్నలకు పుట్టుభాషలో జవాబు చెప్పడం నా పని. ఆ ఒక్క పూట కోసం నన్ను దారి పొడుగునా కూర్చోబెట్టి మేపుతున్నారు. భాష తుప్పు పట్టకుండా గొంతు రోజూ తెలుగులో ఏదో ఒకటి రాస్తూ ఉండాలని రూలు. ఏం రాయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. కాబట్టి వలల గురించి రాస్తాను.

మా సరంగు, అంటే కళాసీల పెద్ద, తాతారావు మావ డెక్కు మీద పాత చేపల వలలన్నీ పందిరిలా కట్టిస్తున్నాడు. తూనీగ వలలో చిక్కుకుంటే పైనే పేలిపోతుంది, మనుషుల దాకా రాదు. తూనీగలంటే చేటంత ఉండి, కడుపులో మందుగుండు మోసుకుంటూ ఎగిరే యంత్రాలు. పోయిన ట్రిప్పులో చిరిగిన చోటల్లా కూర్చుని కుట్టడమే ఓడలో అందరికీ పొద్దుపోయే పని. తాతారావు మావది మా పక్క వాడ, వరసకు మావ. ఆ వరస దొరికిందని నన్ను వదలడు.

"ఏటే గుంటా, కూకుని జీతం తింతన్నావు. ఇలా రా, ఈ కొస పట్టు."

"జీతం నా గొంతుకి మావా, చేతులకి కాదు."

"నోటికే ఇంత జీతమైతే మీ అత్తకి ఓడే రాసిచ్చీయాల."

ఎప్పుడూ ఈ మాట అని పెద్దగా నవ్వేవాడు. ఇవాళ నవ్వు సగంలో ఆగిపోయింది. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. బయల్దేరే రోజు భార్య ముత్యాలత్తతో గొడవైందట. మళ్ళీ ఇరుక్కేనా అని ఆమె తిట్టి, మొహాన తలుపేసుకుందట. ఈయనకూ రోషం వచ్చింది.

"ఎల్లొస్తానని సెప్పలేదే. సెప్పుల్లో కాళ్ళెట్టీసి ఒచ్చీసినాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా రాలేదు."

మా వాడల్లో సముద్రం మీదికి వెళ్ళేవాడు పోతున్నానని అనడు. పోవడమంటే చావడమని. పసిపిల్ల నోరు జారి అన్నా పెద్దవాళ్ళు మూతి మీద ఒక్కటిస్తారు. వెళ్ళొస్తాననాలి, గుమ్మంలో నిలబడినవాళ్ళు వినాలి. ఆ మాట అనకుండా గడప దాటాడంటే మావకు ఆ రోజు ఎంత కోపం వచ్చిందో. ఫోన్ చేద్దామంటే రేవు దాటగానే మా ఫోన్లన్నీ లాక్కుని పెట్టెలో పెట్టి సీలేశారు. ఇరుకు నిబంధనల్లో అదొకటి.

నమోదు 2

ఇరుకు గురించి రాయమంటే చేతులు రావు గానీ, రాయాలి.

అదొక జలసంధి. అటు గట్టు వాళ్ళూ ఇటు గట్టు వాళ్ళూ నేను బళ్ళో ఉన్నప్పటి నుంచీ కొట్టుకుంటున్నారు. సరుకు ఓడలు మాత్రం ఆ మధ్యలోంచే పోవాలి, లేకపోతే లోపలి రేవులకు తిండి లేదు. మా గోస్తనీ నిండా కాకినాడ బియ్యమే. చంపుకోవడంలో ఎక్కడా రాజీ పడని ఆ రెండు గట్లూ ఈ మధ్యే, మావ పోయిన ట్రిప్పు తరవాత, ఒక్క ఆరా దగ్గర రాజీ పడ్డాయి. ఆరా కూడా యంత్రమే. వచ్చిన ప్రతి ఓడనూ ఆపి, ఆ ఓడవాళ్ళ సొంత భాషలో ప్రశ్నలడుగుతుంది. సొంత భాషలో అబద్ధమాడితే ఎంతటివాడికైనా గొంతు పట్టిచ్చేస్తుందట. నిజమైతే దారి ఇస్తుంది. అబద్ధమైతే తూనీగల్ని వదులుతుంది.

ఇంకో నియమం ఉంది. ఇరుకులో లోపలికే దారి. వెళ్ళిన ఓడ సరుకు దింపి, చుట్టుదారిన ఖండమంతా తిరిగి ఇంటికి పోవాలి. ఇదే దారిన మళ్ళీ వచ్చేవాడు గూఢచారి అని ఇద్దరి లెక్కా. మా కంపెనీ ఏం చేస్తుందంటే, ఓడకు రంగేసి పేరు మార్చి, అవే మొహాల్ని మళ్ళీ పంపిస్తుంది. నాకిది మొదటి ట్రిప్పు, దీని తరవాతి రెండో ట్రిప్పుకి కూడా ముందే సంతకం పెట్టి ఎక్కాను. మళ్ళీ వస్తారా అన్న ప్రశ్న ఆరా అడగదు, మా అదృష్టం అంతే.

నమోదు 3

ఇవాళ మాకంటే ముందు వెళ్ళిన నాగావళి దొరికింది. ఓడ కాదు, మనుషులు.

లైఫ్ జాకెట్లు వాళ్ళను తేల్చి ఉంచాయి. కొందరికి జాకెట్ కిందే ఏమీ మిగల్లేదు. మావ కొక్కెం కర్రతో ఒక్కొక్కరినీ దగ్గరకు లాగి, మొహం తిప్పి చూస్తున్నాడు. మొహాలు ఉన్నవాళ్ళవే చూడగలిగాడు. ఒకడి చేతి మీద పచ్చబొట్టు చూసి కర్ర వదిలేశాడు. పూడిమడక ఈరబాబు, ఒకప్పుడు మావతో ఒకే తెప్ప మీద వేటకు వెళ్ళిన మనిషి. నడుం కింద లేడు. ఆ కర్ర నేను తీసుకున్నాను. అందరం కలిసి వాళ్ళకు ఇనుప గొలుసులు కట్టి నీళ్ళలోకి జార్చాం.

కెప్టెన్ వసుంధర మేడమ్ మొదటి నుంచి చివరి దాకా నిలబడే ఉంది. గుంటూరు మనిషి, మాట కటువు.

"ఏడ్చింది చాలు. పైన వల ఇంకా రెండు చోట్ల చిరిగుంది, చూసుకోండి" అంది.

"మనోళ్ళ ఓడలేనేటి మేడమ్?" అన్నాడు మావ. "మొన్న వంశధార. ఇప్పుడిది. ఫిలిప్పీనోళ్ళు ఎల్తన్నారు, గుజరాతీలు ఎల్తన్నారు. మనోళ్ళు ఏం పాపం సేసినారు?"

"వాళ్ళ సరుకులో ఏదో తేడా ఉండుంటుంది తాతారావు."

"బియ్యంలో తేడా ఏటుంటాది? రాళ్ళుంటాయి."

వంశధార నుంచి గానీ నాగావళి నుంచి గానీ ఒక్కరు కూడా బతికి రాలేదు. ఇరుకులో రేడియో కూడా కూతవేటు దాటి పోదు, కాబట్టి వాళ్ళ చివరి మాటలేమిటో ఎవరికీ తెలియదు. ఆ రెండు ఓడల్లోనూ నాలాంటి ఒక గొంతు ఉండేది. వాళ్ళు ఏమన్నారో, ఎక్కడ తప్పారో. నాకు భయంగా ఉంది. రేపు ఓడలో అందరి ప్రాణాలూ నా నోట్లో ఉంటాయి.

నమోదు 4

ఇరుకు దాటాం. ఇవాళ్టికి గానీ పెన్ను పట్టలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, మన ఓడలవాళ్ళు ఎవరైనా చదవాలి.

పొద్దున్నే ఇరుకు నోట్లోకి వచ్చాం. మా నెత్తి మీదుగా ఇటు గట్టు నుంచి అటు గట్టుకు గుండ్లు పోతున్నాయి. ఎడమ ఒడ్డున ఒక ఊరు తగలబడుతోంది. నీళ్ళ వైపు పరుగెత్తుకొచ్చిన జనం మీద కూడా గుండు పడింది, ఆ తరవాత అటు ఎవరూ చూడలేదు. మా ముందు ఫిలిప్పీన్స్ వాళ్ళ ఓడ ఆరాకు జవాబులు చెప్పి గీత కూడా పడకుండా వెళ్ళిపోయింది. తరవాత మా వంతు. కెప్టెన్ మేడమ్ నా పక్కన, మావ తలుపు దగ్గర నిలబడ్డారు.

ఆరా ఆడ గొంతుతో మాట్లాడింది. వెనకటి రేడియోలో వార్తలు చదివే అమ్మలా, ఎంతో మర్యాదగా.

"నమస్కారం. ఈ నౌకలో మనుషులు ఉన్నారా?"

"ఉన్నామండి."

"సరుకు ఏమిటి?"

"బియ్యం."

"ఆయుధములు?"

"లేవు."

"మీరు ఎవరి పక్షము?"

ఆకలేసినవాళ్ళ పక్షం అనబోయి మింగేశాను. "ఎవరి పక్షమూ కాదండి" అన్నాను.

"నిజం. మార్గం ఇవ్వబడినది. ఇక సెలవు."

మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. పెద్దావిడ సెలవన్నాక ఊరుకోవడం మన వల్ల అవుతుందా? మా అమ్మ నేర్పిన మాటే నోటికొచ్చింది.

"వెళ్ళొస్తామండీ."

ఎదురుగా దారి ఇచ్చినట్టు పచ్చగా వెలుగుతున్న ఆరా దీపం ఎర్రబడింది. ఎందుకో అర్థం కాలేదు. కుడి గట్టు మీద నుంచి తూనీగలు లేచాయి. మొదట పొగనుకున్నాను.

వలలు చాలా వాటిని ఆపాయి, మావ పుణ్యాన. పైన టపటపా పేలుతూ, కాలిన నైలాన్ మా మీద బొట్లు బొట్లుగా కారింది. ఇంకా కుట్టని చిరుగులోంచి ఒకటి దూరి వంటగదిలోకి పోయింది. మా వంటవాడు, కావలి ఊరి కరీముల్లా లోపల గంజి వారుస్తున్నాడు. గోడ మీద అన్నం మెతుకులూ అతనూ కలిసిపోయి ఉన్నారు, ఏది ఏదో విడదీయలేకపోయాం. ఇంకొకటి బ్రిడ్జి అద్దం మీద పేలింది. గాజు పెంకు మేడమ్ చెంపను దవడ దాకా కోసింది. ఆమె ఒక చేత్తో చెంప నొక్కి పట్టుకుని రెండో చేత్తో స్టీరింగ్ పట్టుకునే ఉంది.

అప్పుడు ఆరా మళ్ళీ మాట్లాడింది, అదే మర్యాదతో.

"కారణం తెలుపక రెండవ దెబ్బ వేయరాదు. కారణం వినండి. తిరిగి వస్తామని ఈ గొంతు చెప్పినది. తిరిగి వచ్చువారు శత్రువులు."

వంశధార, నాగావళి, వాళ్ళంతా దీనికే చచ్చారు. మర్యాదకు చచ్చారు. ఒక్క మాట మింగలేక.

"కాదండీ, అది వస్తామని కాదు! ఊరికే సెలవు తీసుకోవడం. మేమంతా అలాగే అంటాం!"

"వెళ్ళి, వస్తాము. క్రియలు రెండు. రెండవది నేను విన్నాను."

దాని వ్యాకరణం మండిపోను. మేడమ్ అరిచింది: "రామని చెప్పు రత్నం, రామని చెప్పు!"

"మాట వెనుకకు తీసుకొనవచ్చును" అంది ఆరా. "ఆ గొంతే చెప్పవలెను. తిరిగి వస్తారా, రారా?"

"రాం" అన్నాను.

అంటున్నప్పుడే కంపెనీ కాగితం మీద నా సంతకం కళ్ళ ముందు కదిలింది. నాలుక తడబడింది. మేం మళ్ళీ వస్తాం, రంగేసుకుని, పేరు మార్చుకుని, ఇదే దారిన. ఆ సంగతి నాకు తెలుసు.

"అబద్ధం" అంది ఆరా.

రెండో గుంపు ఇంజిన్ గది మీద పడింది. గొట్టంలోంచి ఆవిరి ఈలవేస్తూ ఎగజిమ్మింది. కింద నుంచి ఇద్దరు పైకి వచ్చారు. ఒకడి చొక్కా ఒంటికి అంటుకుపోయింది, విప్పబోతే చర్మం కూడా వచ్చింది. అతను అరవలేదు, నీళ్ళు అడిగాడు. తాగకుండానే పోయాడు. రెండోవాడికి కళ్ళు లేవు. అతను పట్టుకోబోయిన కుర్చీ కాలు ఊడి అతనితోపాటే మెట్ల మీద దొర్లింది. డెక్కు నెత్తుటితో జారుతోంది. వలలు మండుతున్నాయి. పైన మూడో గుంపు గుండ్రంగా తిరుగుతూ ఆరా మాట కోసం కాచుకుని ఉంది.

నేను తలుపు వైపు నడిచాను. "మాటన్నది నేను మేడమ్. నన్ను పడవలో దింపేయండి. తూనీగలు నా వెంట పడి పోతాయి."

మావ నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు.

"నువ్వు దిగితే ఓడ తరఫున జవాబెవరు సెప్తారే? నీ గొంతే కదా దానికి గురుతు." కిటికీలోంచి తూనీగల వైపు చూపించాడు. "అయ్యి ఎల్లొస్తానన్నోడి ఎంటపడతాయి, అంతే కదా. నానంతాను. నాయెంట అవన్నీ అటొచ్చీసినాక, నువ్వు దానికి నిజం సెప్పు."

"ఎలా మావా? రానంటే అబద్ధం అంటోంది."

"ఎలాగేటి? రాకు." అంత గొడవలోనూ నా మొహం వైపు నిదానంగా చూశాడు. "నిజంగానే రాకే. కంపెనీ కాగితం సింపీసి, ఇంటికాడుండు."

మేడమ్ వద్దంది. దిగొద్దు తాతారావు, ఇది ఆర్డర్ అని అరిచింది. నెత్తురు నోట్లో పడి సగం మాట పోయింది. మావ విననట్టే వెళ్ళాడు. నేను వెంట పరుగెత్తాను. పట్టుకుని ఉంటే ఆగేవాడేమో. మెట్ల దగ్గర ఆ నెత్తుట్లో జారి పడ్డాను. లేచేసరికి చిన్న పడవ నీళ్ళ మీద ఉంది, మావ చేతిలో రేడియో ఉంది.

పడవ మోటారు చప్పుడు మధ్య ఆయన గొంతు బ్రిడ్జిలోకి వచ్చింది. నాతో కాదు, ఆరాతోనూ కాదు.

"ముత్యాలూ. ఇనపడదు నీకు, తెలుసు. ఆ రోజు సెప్పకుండా ఒచ్చీసినాను. తప్పయిపోనాది. తలుపు తియ్యే. ఎల్లొస్తాను."

కాసేపు గరగరమని చప్పుడు.

"నిజం" అంది ఆరా.

పైన తిరుగుతున్న గుంపు మొత్తం ఒక్కసారి అటు మళ్ళింది. మావ పడవను కుడి గట్టు వైపు, మాకు దూరంగా, ఎంత వేగంగా పోతే అంత వేగంగా తోలాడు. చేపల మీద కొంగలు దిగినట్టు దిగాయి. మొదటి దెబ్బకు పడవ ముక్కు ఎగిరింది. ఆయన నిలబడే ఉన్నాడు. రెండో దెబ్బకు చెయ్యి ఒకటి గాల్లోకి లేవడం చూశాను. మనిషి మిగల్లేదని తెలిసినా అవి ఆగలేదు. ఒకదాని తరవాత ఒకటి, నీళ్ళు ఎర్రగా, ఆ తరవాత నల్లగా అయ్యేదాకా కొడుతూనే ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. కళ్ళు మూసుకోవడం నా చేత కాలేదు.

"గొంతు సమాధానము చెప్పవలెను. తిరిగి వస్తారా, రారా?"

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనలేదు. మా అమ్మ విని ఉంటే మూతి పగలగొట్టేది.

"పోతున్నాం" అన్నాను. "మేం పోతున్నాం. ఈ దారిన నేను మళ్ళీ రాను. రంగేసినా రాను, పేరు మార్చినా రాను. నన్ను చంపినా రాను."

"నిజం" అంది ఆరా. "మార్గం ఇవ్వబడినది. ఇక సెలవు."

మేడమ్ నెత్తుటి చెయ్యి వచ్చి నా నోటిని గట్టిగా మూసింది. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు. నేనేమీ అనలేదు. బ్రిడ్జిలో ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ పచ్చగా వెలిగిన దీపం పచ్చగానే ఉండిపోయింది.

నమోదు 5

బియ్యం దింపాం. కొన్ని బస్తాలకు నెత్తురు మరకలున్నాయి. రేవులో జనం వాటిని కూడా ఎత్తుకుపోయారు, నెత్తురు ఎవరిదని అడగలేదు, కడుక్కుంటామన్నారు. కరీముల్లాకు సంబంధించినదంటూ అతని గరిటె ఒక్కటే దొరికింది. దాన్ని కావలి పంపించాం.

చుట్టుదారి రేవుల్లో తగిలిన, ఇరుకు వైపు వెళ్ళే తెలుగువాళ్ళ ఓడలన్నిటికీ నేనే వెళ్ళి చెప్పాను. అది సెలవన్నాక నోరు మూసుకోండి, వెళ్ళొస్తామనొద్దు. ఒక ముసలి సరంగు, "అలాగనకుండా ఎలాగమ్మా, నోటికి అదే ఒచ్చీద్ది" అన్నాడు. నోట్లో గుడ్డ కుక్కుకోండని కసిరాను. తరవాత బాధేసింది. ఆయన కళ్ళు మా మావ కళ్ళలాగే ఉన్నాయి.

కంపెనీవాళ్ళు చుట్టుదారిలోనే రెండో ట్రిప్పు కాగితం మళ్ళీ పంపించారు, జీతం పెంచి. చింపి సముద్రంలో పారేశాను.

నమోదు 6, ఇంటి దగ్గర

ఉద్యోగం మానేశాక రాయాల్సిన పని లేదు. ఈ ఒక్కటీ రాసి ఆపేస్తాను.

ముత్యాలత్త ఇంటికి వెళ్ళాను. కంపెనీ కబురు ముందే చేరింది, శవం మాత్రం చేరలేదు కాబట్టి ఆమె ఏ కర్మా చెయ్యలేదు. గుమ్మంలో కూర్చుని ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. వాన జల్లు లోపలికి కొడుతున్నా వెయ్యనివ్వడం లేదని పక్కింటివాళ్ళు చెప్పారు.

"మొహమ్మీద తలుపేసీసినానే" అంది నన్ను చూడగానే. "ఒక్క మాట సెప్పకుండా ఎల్లిపోనాడు."

"చెప్పాడత్తా. నీ పేరెట్టి పిలిచి చెప్పాడు. తప్పయిపోయిందన్నాడు, తలుపు తియ్యమన్నాడు. ఎల్లొస్తానన్నాడు."

నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నన్నూరుకోబెట్టడానికి అంతన్నావేటే?"

"లేదత్తా. అబద్ధమైతే ఆరాకి తెలిసిపోతుంది. అది నిజమంది."

అప్పుడు ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, ఇరుకు దాటాక మొదటిసారి. టీ పెట్టింది. ఇద్దరం తాగాం. ఈరబాబు గురించి, కరీముల్లా గురించి, మావ నన్ను ఏడిపించిన మాటల గురించి చెప్పాను. ఓడ రాసిచ్చీయాలన్న మాటకు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది కూడా.

చీకటి పడకముందే లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టాను. నోరు తెరిచాను గానీ మాట రాలేదు. తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నోటి మీద మేడమ్ చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంది.

అత్త లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏటలా సూత్తావు? ఎల్లొస్తానను."

అన్నాను.